వదులుగా పరిచిన మ్యాట్

పోయిన నెల చిన్నాయనను సోమాజిగూడలోని ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ నాకంటే చిన్నదే. ఆయన రెండు మోకాళ్ళనూ వంచి, చాపి, ఎక్స్‌రేను లైటుకు ఎదురుగా పెట్టి చూసి, "ఏం పని చేస్తరు అంకుల్?" అని అడిగింది. టైలరింగ్ అన్నాడు చిన్నాయన. ఆమె తల అడ్డంగా ఊపింది. "మిషన్ తొక్కితే రెండు కాళ్ళూ అరగాలె కదా. మీ ఎడమ మోకాలు మంచిగ ఉంది. కుడిది ఒక్కటే ఇట్ల పోయింది. ఏండ్ల తరబడి ఒక్క కాలు మీద బరువేసే పని ఏదన్న చేసిన్రా?" చిన్నాయన నా వైపు చూశాడు. ఇంట్లో అయినా బయట అయినా ఆయన క్రికెట్ గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆ పని నాదే. "క్రికెట్ ఆడేవాడండీ, మ్యాట్ మీద," అన్నాను. "మ్యాట్ అంటే? యోగాకు వేసుకుంటరు, అదా?" అంది. "అసొంటిదే బిడ్డా," అన్నాడు చిన్నాయన, "జర పెద్దది."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. నాకు మాత్రం లోపల ఉడికిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు, ఆమెకు తెలియాల్సిన అవసరం లేదు. చిన్నాయన సంగతి నేను ఎవరికి చెప్పబోయినా ఇంతే అవుతుంది. మొదటి ప్రశ్న, స్టేట్‌కు ఆడాడా? లేదు. రెండో ప్రశ్న, మరి కోచ్ అయ్యాడా? మేనేజర్ అయ్యాడు, కోచింగ్ కూడా ఆయనే చేశాడు, తర్వాత తీసేశారు. అక్కడితో వినేవాళ్ళు ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. ఏదైనా చెడిపోతే, ఏ మెట్టు దగ్గర చెడిపోయిందో మొదటి నుంచి వరుసగా పేర్చుకుని చూడటం నా వృత్తి, ఇప్పుడు స్వభావం కూడా. చిన్నాయన విషయంలో ఆ వరుస నాకు బాగా తెలుసు. తెలిసినా ఏమీ బాగుపడలేదన్నదే నా చిరాకు. అందుకే ఒకసారి మొత్తం రాసి పెడుతున్నాను.

మా ఇల్లు పంజగుట్టలో, పెద్ద రోడ్డు చప్పుడు వినిపించేంత దగ్గరలో, కారు తిరగనంత ఇరుకు గల్లీలో ఉంది. కింద టైలరింగ్ షాపు, పైన మూడు గదులు, ఆ పైన డాబా. మగ్గాల మీద బతుకు సాగని రోజుల్లో మా తాత ఊరు వదిలి ఇక్కడికి వచ్చి, నేసిన చేతులతోనే కుట్టడం నేర్చుకున్నాడట. ఆయన నాకు సరిగా గుర్తు లేడు. మా బాపు ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో చేరాడు. షాపు ఆయన తమ్ముడు, మా సుదర్శన్ చిన్నాయనకు మిగిలింది. పొద్దున నేను లేచేసరికి ఇంట్లో వాసనలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ముందు నాయనమ్మ వెలిగించిన ఊదుబత్తి, తర్వాత కింద ఇస్త్రీ పెట్టెలో రాజుకునే బొగ్గులు, ఆ తర్వాత తడి బట్ట మీద వేడి పెట్టె ఆనినప్పుడు లేచే ఆవిరి, చివరగా పచ్చిపులుసులోకి వేసిన పోపు. వీటన్నిటికీ అడుగున, ఏ పూటా పోని వాసన ఇంకొకటి ఉండేది. అది మెట్ల కింద చుట్టి పెట్టిన క్రికెట్ మ్యాట్‌ది. కొబ్బరిపీచు, ఎర్రమట్టి, తుప్పు కలిసిన వాసన. వాన పడిన రోజు అది పై గదుల దాకా ఎక్కి వచ్చేది.

"ఇంట్ల పీనుగను పండబెట్టినట్టు గిదేందిరా," అనేది నాయనమ్మ, దాని పక్క నుంచి పోయిన ప్రతిసారీ. "క్లబ్బోళ్ళకు ఇండ్లు లేవా?" ఉన్నాయి. కానీ అంచు పీచు లేచిపోతే గోనె సూదితో మళ్ళీ బిగించడం, బౌలర్ కాలు పడి చిరిగిన చోట కాన్వాసు అతుకు వేయడం క్లబ్బులో చిన్నాయనకు ఒక్కడికే వచ్చు. అందుకని క్లబ్బు మ్యాట్ మా ఇంట్లోనే ఉండేది. ఒక ఎండాకాలం నాయనమ్మ దాన్ని డాబా మీద పరిపించి ఎండుమిరపకాయలు ఆరబోసింది. పనికిమాలిన వస్తువుకు ఒక పని దొరికిందని ఆమె సంబరం. ఆ వారం మ్యాచ్‌లో ఖలీల్ భాయ్ వేసిన ప్రతి బంతికీ మ్యాట్ మీద నుంచి ఎర్రటి పొడి లేచింది. అవతలి బ్యాట్స్‌మన్ కళ్ళు తుడుచుకుంటూ బౌల్డ్ అయ్యాడు. అంపైర్ తుమ్ముతూ ఇంకొకతనికి వేలెత్తాడు. ఖలీల్ భాయ్ మా ఫాస్ట్ బౌలర్. ట్రాలీ ఆటో నడిపేవాడు కాబట్టి మ్యాట్‌ను గ్రౌండుకు చేర్చేది కూడా అతనే. ఆ తర్వాత చాలా రోజులు మెట్ల దగ్గర నాయనమ్మ కనబడితే, "అవ్వా, వచ్చే మ్యాచ్‌కు సుత జర మిర్చి కొట్టు, నాకు వికెట్లు కావాలె," అనేవాడు.

తెలియనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. మా కింది డివిజన్ లీగ్ మ్యాచ్‌లకు టీవీలో కనిపించే గడ్డి పిచ్‌లు ఉండేవి కావు. మట్టిని చదును చేసి, దాని మీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, అంచుల వెంట ఇనుప మేకులు దిగ్గొట్టి ఆడేవాళ్ళం. పరవడంలోనే ఆట ఉంటుంది. ముందు నేలను ఊడ్చి, నీళ్ళు చల్లి, రోలర్ తిప్పాలి. ఆరాక మ్యాట్ పరిచి, ఒక చివర మేకులు కొట్టి, రెండో చివర నలుగురు పట్టుకుని వెనక్కి వాలి లాగాలి. లాగినంతసేపూ చిన్నాయన పక్కన నిలబడి, ముడత ఎక్కడుందో చెప్పేవాడు. ఆఖరికి భుజం ఎత్తు నుంచి ఒక బంతిని వదిలేవాడు. అది ఆయన నడుము దాకా లేస్తే సరే, లేవకపోతే మేకులన్నీ పీకి మళ్ళీ మొదలు. మ్యాట్ ఎంత బిగిస్తే బంతి అంత లేస్తుంది. "బట్ట గుంజి పట్టకపోతే కుట్టు వంకర పోతది. ఇది సుత గంతే," అనేవాడు. అవతలి జట్లవాళ్ళు నవ్వుకునేవాళ్ళు కానీ, మా మ్యాట్ మీద ఆడటానికి ఇష్టపడేవాళ్ళు.

బంతి లేచే చోట ముందుకు కాలు వేస్తే దెబ్బ తింటారు. అందుకని మ్యాట్ మీద పెరిగినవాడు బంతి పడగానే కుడి కాలు వెనక్కి వేసి, బరువంతా దాని మీద పెట్టి, ఛాతీ ఎత్తున వచ్చిన దాన్ని అడ్డంగా కొడతాడు. ఆ ఆటలో చిన్నాయనను మించినవాడు కింది డివిజన్లలో లేడని నేను చెప్పడం కాదు, ఆయనకు ఎదురాడినవాళ్ళు ఇప్పటికీ షాపుకు వచ్చి చెబుతారు. ఆయన పెళ్ళికి ముందు ఒకసారి స్టేట్ సెలక్షన్ క్యాంపుకు పిలుపు వచ్చిందట. అక్కడ గడ్డి పిచ్, మేం టర్ఫ్ అనేది. బంతి పడింది, ఈయన అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళాడు, బంతి లేవలేదు, వచ్చి కాలికి తగిలింది. రెండోసారీ అంతే. మళ్ళీ పిలవలేదు. దీని గురించి ఆయన నాకు చెప్పిన మొత్తం కథ రెండు మాటలు: "బాల్ లేవలే." నాయనమ్మ దగ్గర ఇంకొంచెం ఉండేది. ఆ రోజు వచ్చి, అన్నం తినకుండా, మెట్ల కింద మ్యాట్ విప్పి అంచులు కుట్టుకుంటూ కూర్చున్నాడని.

మోకాలు మొరాయించాక ఆట మానేశాడు, మేనేజర్ అయ్యాడు. పేరు పెద్దది. పని ఏమిటంటే, ఆదివారం మ్యాచ్‌కు శనివారం నుంచే పదకొండు మందికీ ఫోన్లు చేయడం, మెడికల్ షాపులో పని చేసే వికెట్ కీపర్‌కు వాళ్ళ ఓనర్‌తో మాట్లాడి సెలవు ఇప్పించడం, మ్యాట్ ఎక్కించడం, దించడం, బిగించడం, భోజనాలు తెప్పించడం, అంపైర్లకు చాయ్ అందించడం, అవుటై వచ్చినవాణ్ణి తిట్టడం, మధ్య వారంలో ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక మైదానంలో పిల్లలకు ఆట నేర్పడం. జీతం లేదు. అయినా షాపులో బట్ట కత్తిరిస్తున్నప్పుడు కూడా ఎవరైనా "మేనేజర్ సాబ్" అని పిలిస్తే ఆయన తల ఎత్తే తీరు వేరుగా ఉండేది. మేం అందరం ఆయన చేతిలో తయారైనవాళ్ళమే. నేను ఇంజనీరింగ్ రెండో ఏట జట్టులోకి వచ్చాను, ఓపెనర్‌గా. కుడి కాలు వెనక్కి, తల నిలకడగా, అడ్డబ్యాటు. దూరం నుంచి చూస్తే మా జట్టులో ఎవరు ఆడుతున్నారో చెప్పలేకపోయేవాళ్ళు. అందరం ఆయనలాగే ఉండేవాళ్ళం.

ఆ ఏడు మేం కింది డివిజన్ గెలిచి పై డివిజన్‌కు ఎక్కాం. అమీర్‌పేటలో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులు. ఆ దుమ్ములోనే ట్రాలీ ఆటో వెనక నిలబడి, డప్పు కొట్టించుకుంటూ ఇంటికి వచ్చాం. నాయనమ్మ మ్యాట్‌కు కూడా బొట్టు పెట్టింది. మర్నాడు క్లబ్బు సెక్రటరీ గారు షాపుకు వచ్చారు. రిటైరైన ఆఫీసరు, రాజమండ్రి వైపు మనిషి, ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరగరు. కుర్చీలో కూర్చుని, చల్లబడే దాకా చాయ్ ముట్టుకోకుండా, "చూడండి సుదర్శన్ గారూ, పైన అంతా టర్ఫ్. అక్కడ జట్లకి సర్టిఫికెట్లున్న కోచ్‌లుంటారు. మన కమిటీలో కూడా అదే మాట వస్తోంది. నేనే ఆపాను. ఈ సీజన్ పై డివిజన్లో నిలబడితే మీరే మేనేజరు, ఇక ఎవరూ మాట్లాడరు. మళ్ళీ కిందికి జారితే మాత్రం నా చేతుల్లో ఉండదు," అన్నారు. చిన్నాయన, "నిలబడతం సార్," అన్నాడు. అంతే మాట్లాడాడు. ఆట పోయాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క పదవే. ఆ సీజన్‌లో మేం కిందికి జారితే అది కూడా పోతుందని మా ఇంట్లో అందరికీ, మా జట్టులో అందరికీ తెలుసు.

మొదటి మ్యాచ్ ఓడిపోయాం. రెండోదీ ఓడిపోయాం. మూడోది ఓడిపోయాక మా బ్యాట్స్‌మెన్ ఎలా అవుటయ్యారో నేను మనసులో వరుస పెట్టుకున్నాను. పెద్ద లెక్కేమీ కాదు, కళ్ళున్నవాడెవడికైనా కనిపించేదే. అందరం ఒకేలా అవుటయ్యాం. బంతి పడగానే వెనక్కి, బంతి లేవదు, బ్యాటు అడ్డంగా ఉంటుంది, కాలికి తగులుతుంది లేదా వికెట్లు పడిపోతాయి. చిన్నాయన క్యాంపులో అయినట్టే, పదిమందిమి, మూడు మ్యాచ్‌ల్లోనూ. మర్నాడు పొద్దున సర్వపిండి తింటున్నప్పుడు చెప్పాను.

"చిన్నాయినా, మన ఆట మ్యాట్ ఆట. టర్ఫ్ మీద ముందటికి పోయి ఆడాలె."

"బాల్ చూసి ఆడితే ఏ ఆటైనా ఒకటే."

"అందరం చూస్తనే ఉన్నం. చూసుకుంట అవుటైతున్నం. కాలు వెనక్కే పోతుంది, నువ్వు నేర్పినట్టు."

ఆయన నమలడం ఆపాడు. చిన్నమ్మ నా వైపు కోపంగా చూసింది. "గా నేర్పుడుతోనే పైకి ఎక్కిన్రు," అన్నాడు చిన్నాయన. "ఇంజనీరింగు సదివితే నోరు లేస్తది, బ్యాటు లేవదా?" నేను కూడా ఊరుకోలేదు, ఏదో అన్నాను. నాయనమ్మ మధ్యలో దూరి, "గా చాపను బొంద పెడితే అన్ని మంచిగైతయి," అంది. ఆ రోజుకు అంతే.

టర్ఫ్ మీద ప్రాక్టీసు చేయడానికి ఆయన ప్రయత్నించకపోలేదు. టర్ఫ్ నెట్లు ఉన్న చోట్ల వాళ్ళ జట్లకే చాలవు. ఒకచోట పొద్దున ఎండెక్కాక కాసేపు ఇస్తామన్నారు. ఆ వేళకు మా జట్టులో సగం మంది కొలువుల్లో ఉంటారు. నేను చెప్పిన మాట ఆయన చెవిన పడలేదనే అనుకున్నాను. ఒక బుధవారం సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా మైదానానికి వెళ్తే, చిన్నాయన నేల మీద బిందెలతో నీళ్ళు పోస్తున్నాడు. రోలర్ ఒక మూల ఉంది, తిప్పినట్టు లేదు. మెత్తబడిన ఆ మట్టి మీద మ్యాట్ పరిచి, ఎవరినీ లాగనివ్వలేదు. రెండు చివర్లా నాలుగైదు మేకులు గుచ్చి వదిలేశాడు. మ్యాట్ పొట్ట వదిలి, అక్కడక్కడ అలల్లా పడి ఉంది. జీవితమంతా దాన్ని బిగించిన మనిషి అలా వదలడం చూసి మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఖలీల్ భాయ్ ఒక్కడే, "అన్నా, మేకులు సుత షాపుల మర్చిపోయినవా? లేకుంటే నమాజుకు వేసినవా?" అన్నాడు. చిన్నాయన భుజం ఎత్తు నుంచి బంతి వదిలాడు. అది చప్పుడు లేకుండా పడి, చీలమండ దాకా లేచి ఆగిపోయింది. "ఇగో, ఇదే టర్ఫ్," అన్నాడు. "గీడ ఎనుకకు పోయెటోడు ఎవడో నేను చూస్తా."

ఇంత మంచి ఆలోచన నాకు రానందుకు ఆ సాయంత్రం నేను సిగ్గుపడ్డాను. దొరకని గడ్డి పిచ్‌ను ఆయన పాత మ్యాట్‌తోనే తయారు చేశాడు. మూడు నాలుగు వారాలు మేం ఆ వదులు మ్యాట్ మీదే ఆడాం. వెనక్కి వెళ్తే బంతి కాళ్ళ కిందికి దూరేది కాబట్టి అందరం ముందుకు రావడం నేర్చుకున్నాం. కుడి కాలు మీద బతికిన జట్టు ఎడమ కాలు చాపింది. చిన్నాయన స్టంప్స్ వెనక పీట వేసుకుని కూర్చుని, "ముందటికి, ముందటికి," అని అరుస్తూ ఉండేవాడు. ఆ అరుపు ఆయన నోటి నుంచి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఇంట్లో మా మధ్య మాటలు మళ్ళీ కలిశాయి. ఒకసారి నా గిన్నెలో నెయ్యి వేస్తూ, "నువ్వు చెప్పినదాంట్ల కొంచెం నిజముంది రా కిరణ్," అన్నాడు. మా ఇంట్లో అది పెద్ద బిరుదు.

తర్వాతి మ్యాచ్‌లో అంతకు ముందు కంటే తక్కువ పరుగులకు ఆలౌటయ్యాం.

కారణం గ్రౌండులోనే సగం అర్థమైంది. వదులు మ్యాట్ మీద బంతి లేవదు, నిజమే. కానీ పడ్డాక పీచుకు పట్టుకుని ఒక్క క్షణం ఆగుతుంది, మనం వచ్చే దాకా చూస్తుంది. గడ్డి మీద పడిన బంతి ఆగదు. పడ్డ వేగంతోనే జారి వస్తుంది. మేం ఎత్తును సరిచేసుకున్నాం, వేగాన్ని మరిచిపోయాం. కాలు ముందుకు వెళ్ళేది, బ్యాటు వచ్చేసరికి బంతి దాటిపోయేది. ఇదివరకు వెనక కాలి మీద అవుటయ్యేవాళ్ళం, ఇప్పుడు ముందు కాలి మీద. పెవిలియన్ మెట్ల మీద ఖలీల్ భాయ్ ప్యాడ్లు విప్పుతూ, "పాత తీరుగ అవుటైతే కనీసం ఎందుకు అవుటైననో తెలుస్తుండె," అన్నాడు. చిన్నాయన మాత్రం, "తప్పు నాది, పోరగాళ్ళది కాదు," అని సెక్రటరీ గారితో అనడం విన్నాను. ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు ఎవరిదైనా, దిద్దుకునేందుకు ఒక గడ్డి పిచ్, నాలుగు సాయంత్రాలు దొరకని మనిషి దాన్ని మీద వేసుకోవడం ఎందుకు?

మధ్యలో వానకు రద్దయినవి, ఖలీల్ భాయ్ ఒంటిచేత్తో గెలిపించిన ఒకటి కలిపి, ఆఖరి మ్యాచ్ గెలిస్తే పై డివిజన్‌లో ఉంటాం అన్న చోటికి వచ్చాం. మేం కొట్టాల్సిన స్కోరు పెద్దది కాదు. నేను ప్యాడ్లు కట్టుకుంటుంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ ఆ సమయంలో ఏదో ఒకటి చెప్పేవాడు, గ్లోవ్స్ పట్టీ అయినా సరిచేసేవాడు. ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఎనుకకు పొమ్మన్న, ముందటికి పొమ్మన్న. ఇప్పుడు ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. సదువుకున్నోనివి, నువ్వే చెప్పు," అన్నాడు. నా దగ్గర ఉన్నది కారణం, మందు కాదు. "బాల్ చూసి ఆడతా," అన్నాను. అది ఆయన మాటే. ఆయన తల ఊపాడు. లోపలికి వెళ్ళాక మొదటి బంతులు ఎలాగో ఆడాను. తర్వాత ఒకటి మరీ ముందు కాదు, మరీ వెనక కాదు, మధ్యలో పడింది. నా కుడి కాలు కదల్లేదు, ఎడమ కాలూ కదల్లేదు. రెండు చదువులూ ఒకేసారి గుర్తొచ్చి, నిలబడిన చోటే నిలబడిపోయాను. వెనక స్టంప్ పడిన చప్పుడు వినిపించింది. మిగతావాళ్ళు కూడా ఎక్కువసేపు లేరు. సాయంత్రం ఎండ తగ్గకముందే మేం మళ్ళీ కింది డివిజన్ జట్టయ్యాం.

ఒక పది రోజులకు సెక్రటరీ గారు కొత్త కోచ్‌ను వెంటబెట్టుకుని షాపుకే వచ్చారు. ఇందులో ఆయన దురుద్దేశం లేదు. క్లబ్బు తెల్లబట్టలు మొదటి నుంచి మా షాపులోనే కుట్టించేవాళ్ళు, కొత్త మనిషికీ అక్కడే కొలతలు ఇప్పించాలని ఆయన పద్ధతి. "ఏంటి సుదర్శన్ గారూ, ఆరోగ్యం బాగుందా?" అన్నారు. చిన్నాయన టేపు మెడలో వేసుకుని లేచాడు. కొత్తతను ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు. నేను కొలతలు రాసుకోవడానికి కూర్చున్నాను. రాస్తున్నానే గానీ పెన్ను కాగితంలో దిగబడుతోంది. భుజం, ఛాతీ, చేయి అయ్యాయి. అతను చేతులు చాచి నిలబడే, "అన్నా, మీ పోరగాళ్ళ ఆట చూసిన. అందరు ఒక్క తీరుగ ఆడుతరు. ఎవరు నేర్పిన్రు?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు చిన్నాయన.

"మస్తు కష్టం అన్నా అట్ల నేర్పుడు. అందరికి ఒక్క తీరు రాదు." అతను మెచ్చుకోలుగానే అన్నాడు. "ప్యాంటు మాత్రం జర వదులు పెట్టుండ్రి. ముందటికి అడుగేస్తే తొడ కాడ పట్టేస్తది నాకు."

చిన్నాయన టేపు పట్టుకుని కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడి మోకాలు ఆనేటప్పుడు ముఖం చిట్లించాడు. "ముందటికి ఎంత పోతరు? ఒకపారి పోయి చూపుండ్రి," అన్నాడు. ఆ కుర్రాడు సిగ్గుపడి, సెక్రటరీ గారి వైపు చూసి, చేతిలో లేని బ్యాటును పట్టుకుని, కటింగ్ టేబుల్‌కూ ఇస్త్రీ బల్లకూ మధ్యన ఎడమ కాలు చాపి ముందుకు వంగాడు. "గట్లనే ఉండుండ్రి," అన్నాడు చిన్నాయన. టేపు తొడ చుట్టూ ఒకసారి తిప్పితే అయిపోయే పని. ఆయన టేపు తిప్పి, వదిలి, ఆ కాలి వంపునూ, దాని మీదికి వాలిన తలనూ కింది నుంచి చూస్తూ ఉండిపోయాడు. కుర్రాడి కాలు వణకడం మొదలైంది. సెక్రటరీ గారు దగ్గారు. అప్పుడు కొలత చెప్పాడు. నేను రాసుకున్నాను.

వాళ్ళు వెళ్ళగానే, "వానికి పట్టేసేటట్టే కుట్టు చిన్నాయినా," అన్నాను. ఆయన వినిపించుకోలేదు. గోడ పట్టుకుని లేచి, నిలబడి, "తల చూసినవా?" అన్నాడు. "కాలుతోని పాటు తల సుత పోయింది, మోకాలు మీదికి. మనం కాలు పంపినం, తల ఈడనే పెట్టినం. అందుకే బ్యాటు లేటైంది." సీజన్ మొత్తం మేం వెతికింది అదే. "సెక్రటరీ గారికి చెబుదాం పా," అన్నాను. "ఏమని?" అన్నాడు. ఆయన కత్తెర తీసుకుని, అతని ప్యాంటు బట్టనే ముందుగా పరిచాడు. తొడ దగ్గర అడిగినంత వదులు ఉంచాడు. మ్యాట్‌ను మరుసటి వారం ఖలీల్ భాయ్ వచ్చి తీసుకెళ్ళి ఎవరింట్లోనో దించాడు. మెట్ల కింది చోటును నాయనమ్మ రెండుసార్లు కడిగింది.

ఇప్పుడు నేనూ మేనేజర్‌నే. పోయిన ఏడాది మాదాపూర్ ఆఫీసులో నాకొక టీమ్ ఇచ్చారు. వాళ్ళకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎలా వెతకాలో నేనే నేర్పాను. ఈ మధ్య గమనించాను, నాకు కనబడని తప్పులు వాళ్ళలో ఎవరికీ కనబడటం లేదు. నన్ను ట్రైనింగ్‌కు పంపేవాళ్ళున్నారు, బయటి నుంచి మనిషిని రప్పించేవాళ్ళున్నారు. ఒక సీజన్‌లో తేలిపోవాలని నన్ను ఎవరూ అనలేదు. పిల్లలు ఇప్పుడు మైదానాలకు పోవడం తక్కువ. లైట్ల కింద వలల మధ్య గంటల లెక్కన ఆడుకుంటారు, బంతి విసిరే మిషన్లు ఉన్నాయి, కాలూ తలా ఎక్కడున్నాయో ఫోన్‌లో వీడియో తీసి ఆపి చూపిస్తారు. మాకు ఒక ఏడాది పట్టి, ఒక మనిషి పదవి పోతే గానీ తెలియనిది, అక్కడ ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. అది మంచిదే. మంచిదని తెలిసీ నాకు దాన్ని చూస్తే కోపం వస్తుంది.

మ్యాట్ పోయిన తర్వాతి ఆదివారం చిన్నాయన తెల్లవారే లేచి, స్నానం చేసి, కిందికి దిగి షట్టర్ ఎత్తాడు. ఆ చప్పుడుకు ఇంట్లో అందరం లేచాం. తాత పోయిన నాటి నుంచి ఆదివారం మా షట్టర్ లేచింది లేదు. నాయనమ్మ పై నుంచి తొంగి చూసి, "ఈ దినం ఏమున్నదని తెరిచినవురా?" అని అడిగింది. "ఏం లేదు. ఊకె," అన్నాడు. బొగ్గులు రాజేశాడు, మిషన్‌కు నూనె వేశాడు, టేపు మెడలో వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు. ఆదివారం మా షాపు మూసి ఉంటుందని పంజగుట్టలో తెలియనిదెవరికి? తెరిచిన షట్టర్ ముందు నుంచే మా పాత బేరగాళ్ళు తల తిప్పకుండా నడిచిపోయారు. పై వారమూ తెరిచాడు, ఆ పై వారమూ తెరిచాడు.

ఆదివారమే ఇప్పుడు మా షాపుకు పెద్ద బేరం. అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండి కోర్సులు నేర్చుకునే పిల్లలకు తీరిక ఆ ఒక్కరోజే. ఇంటర్వ్యూ ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి, చొక్కాలు బిగించుకోవడానికి గల్లీ చివరి దాకా నిలబడతారు. చిన్నమ్మ వాళ్ళను చూసి ప్రతివారం ఒకే మాట అంటుంది, "గిన్నేండ్లు ఆదివారం ఆదివారం షాపు బంద్ పెట్టుకొని ఎంత పోగొట్టుకున్నం." ఆ వేళకు చిన్నాయన ఎవరో పిల్లవాడి ప్యాంటు అంచు మడత పెడుతూ నేల మీద కూర్చుని ఉంటాడు, నోటి నిండా గుండుసూదులతో.